నేను కలిపిన చెయ్యి

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజనం ఉండేది. ముందురోజు సాయంత్రం పెద్దలం చర్చి వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. ఎవరికి ఎవరితో మాటలు లేవో వాళ్ళను పిలిపించి, ఇద్దరి గోడూ విని, ప్రార్థన చేసి, చేతులు కలిపించి, ఒకరికొకరు "వందనాలు" చెప్పించేవాళ్ళం. దాంతో తగువు అయిపోయినట్టే. ఆ తర్వాత దాన్ని మళ్ళీ ఎత్తినవాళ్ళదే తప్పు. గట్టు జరుపుకున్న అన్నదమ్ములకీ, పక్క తోటలో కొబ్బరికాయలు దింపుకున్నవాళ్ళకీ, మాటామాటా అనుకున్న తోడికోడళ్ళకీ అందరికీ అదే పద్ధతి.

ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఊళ్ళో బడిపంతుల్ని, సంఘంలో పెద్దని. ఇద్దరూ బిగుసుకుని కూర్చుంటే నేను లేచి, ఒకరి చెయ్యి తీసుకెళ్ళి రెండోవారి చేతిలో పెట్టేవాణ్ణి. ఎవరో ఒకరు ఏడ్చేవారు, లోపలి నుంచి టీ వచ్చేది. మర్నాడు ఆరాధనలో ఆ ఇద్దరూ ఒకే వరసలో కూర్చుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

తొంభైల చివర్లో ఒక శనివారం మా ముందుకు ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి ఇరవై దాటాయి. చిన్నప్పుడు నా దగ్గరే చదువుకుంది. తండ్రి లేడు. మా ఉద్దానం ఊళ్ళ ఆడవాళ్ళు చాలామందిలాగే పొద్దున్నే బస్సెక్కి పలాస వెళ్ళి, అక్కడి జీడిపప్పు ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని చేసేది. ఆ ఫ్యాక్టరీ మేస్త్రీ కూడా మా సంఘంవాడే. మా ఊరి ఆడవాళ్ళకు పని ఇప్పించినవాడు, చర్చి కప్పుకు రేకులు వేయించినవాడు. ఒక సాయంత్రం సరుకు సర్దాలని చెప్పి అతను ఆ అమ్మాయిని ఒక్కదాన్నే ఆపి, గది తలుపు వేసి బలవంతం చేశాడు.

తల్లి చెప్పింది. కూతురు నోరు విప్పలేదు. మేస్త్రీ తల దించుకుని, "తప్పు జరిగిపోనాది అయ్యగోరూ. ఆ ఏల నాలో నాను లేను. సైతాను పట్టీసింది నన్ను," అన్నాడు పాస్టరు గారితో.

ఒప్పుకున్నాడు కదా అని మాకందరికీ ఊపిరి వచ్చింది. కష్టమైన సగం అయిపోయిందనుకున్నాం. ప్రార్థన నేనే చేశాను, చాలాసేపు చేశాను. మేస్త్రీ చెయ్యి చాచాడు. ఆమె చాచలేదు. నేను అలవాటుగా లేచి వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకున్నాను. పిడికిలి బిగించి ఉంది. జీడి అంటి వేళ్ళ కొసలు నల్లగా పగిలి ఉన్నాయి. ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పి, ఆ చేతిని అతని చేతిలో పెట్టాను. "వందనాలు చెప్పమ్మా," అన్నాను. ఆమె చెప్పలేదు. కూతురి తరఫున తల్లే చెప్పింది. అది చాలనుకున్నాం. టీ వచ్చింది.

మర్నాడు ఆ అమ్మాయి చర్చికి రాలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఇంటికి వెళ్ళి, ఎంత ఓపిగ్గా ఆ పిల్ల వేళ్ళు విప్పి చేతులు కలిపానో, ఇంత చేసినా ఆమె ఎలా రాకుండా పోయిందో నా భార్యకు చెప్పాను. ఆమె చేపలు కడుగుతోంది. తలెత్తి నా మొహంలోకి చూసింది. "యేళ్ళు ఇప్పినారా?" అని మాత్రం అడిగింది.

కొన్ని వారాలు గడిచాక పలాస నుంచి ఒకావిడ మా ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీలో ఆ అమ్మాయి పక్క పీట మీద కూర్చునే పెద్దావిడ. మా మతం కాదు, నందిగాం వైపు రైతు కుటుంబం. పొదుపు సంఘంలో పరిచయమైన కొందరు ఆడవాళ్ళు ఆవిడతో కలిసి, ఇలాంటి ఆపదలో పడ్డ ఆడపిల్లల వెంట స్టేషనుకీ ఆసుపత్రికీ కోర్టుకీ తిరిగేవారు. ఆ అమ్మాయిని స్టేషనుకు తీసుకెళ్ళి కేసు పెట్టించింది వాళ్ళే.

"ఏటి మేస్టారూ, బాగున్నారా? సేతులు కలపడంలో మీరు గొప్పోరంట గదా. మా ఆయినకీ నాకూ పెళ్ళైన కాణ్ణించీ తగువే. ఓపాలి వచ్చి కలిపీయండి," అంటూ గుమ్మంలోనే నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆవిడ కూర్చుని సంగతిలోకి వచ్చింది. "ఆ మేస్త్రీ మీ అందరి ముందరా ఒప్పుకున్నాడంట. ఇప్పుడు నాకేటీ తెల్దంటన్నాడు. ఆ మాట కోర్టులో ఒక్కరు సెప్తే సాలంటన్నారు ప్లీడరు గోరు. సెప్పకపోతే కేసు నిలబడదంట."

"అది సమాధానపడిపోయిన సంగతమ్మా," అన్నాను. "మళ్ళీ ఎత్తకూడదు. అది మా పద్ధతి."

"ఎవులు సమాధానపడినారు?" ఆవిడ గొంతులో నవ్వు పోయింది. "ఆ గుంట సెయ్యి ఎవులైనా ముట్టుకుంటే ఉలిక్కిపడతాది. మేస్త్రీ వల్లనుకున్నాను నాను. అడిగితే, 'మేస్టారు నా యేళ్ళు ఇప్పినారు' అంటాది."

ఆవిడ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

వెంటనే వెళ్ళి సాక్ష్యానికి ఒప్పుకున్నానని రాయగలిగితే బాగుండేది. ఒప్పుకోలేదు. మిగతా పెద్దలు అప్పటికే ఆ సాయంత్రం తామేమీ వినలేదనడం మొదలుపెట్టారు. కేసు సాగితే మా ఊరి ఆడవాళ్ళందరికీ పని పోతుందని మేస్త్రీ మనుషులు కబురు పంపారు. నేను ఆ భయాన్ని ఊరి మంచి అని పిలుచుకుంటూ రోజులు గడిపాను. చివరికి ఒకరోజు అన్నం పెడుతూ నా భార్య అంది: "మీరు యెల్లకపోతే నాను యెల్తాను కోర్టుకి. యేటి సెప్తానో ఇనండి. మా ఆయిన ఆ గుంట యేళ్ళు ఇప్పినాడు, ఇంటికొచ్చి గొప్పగా సెప్పుకున్నాడు అని సెప్తాను."

ఆ మధ్యాహ్నమే పలాస వెళ్ళి, ఆ పెద్దావిడతో సాక్ష్యం చెప్తానన్నాను. తిడుతుందనుకున్నాను. "సెప్పడానికి ఇంకా టైముంది. ముందు వాయిదాలకి రండి. మా పని సూడండి," అంది.

వాళ్ళ పని చూడడానికి ఏమీ లేనట్టే ఉండేది. సోంపేట కోర్టు వరండాలో బెంచీ మీద ఆ అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టి, అటొకరు ఇటొకరు కూర్చునేవారు. ఏం జరిగిందని అడిగేవారు కాదు. ఇలా చెయ్యి, అలా ఉండు అనేవారు కాదు. కొబ్బరి ధర గురించీ, బస్సులో కండక్టరుతో పడ్డ పేచీ గురించీ మాట్లాడుకునేవారు. ఆమె ఏడిస్తే ఏడవనిచ్చేవారు. భుజం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు అడిగేవారు: "ఎయ్యమంటావా?" ఆమె వద్దంటే వేసేవారు కాదు. ఊళ్ళో పిల్లల్ని చెవి మెలిపెట్టీ, వీపు తట్టీ పెంచినవాణ్ణి. ముట్టుకునే ముందు అడగవచ్చన్న సంగతి నాకు ఆ బెంచీ దగ్గర తెలిసింది.

మొదటి రోజే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగబోయాను. పెద్దావిడ నన్ను పక్కకు పిలిచింది. "అది అడక్కండి మేస్టారూ. అడిగితే ఆ గుంట ఏదో ఒకటి సెప్పాల గదా. అదీ యేళ్ళు ఇప్పడమే."

అందుకని దూరంగా, వరండా చివర స్తంభం దగ్గర నిలబడేవాణ్ణి. బస్సులో వెనక నిలబడేవాణ్ణి. అలా వాయిదా మీద వాయిదా పడుతూ పోయింది. ఒకసారి మేస్త్రీ బంధువులు ఎదురుగా చేరి ఆమెకేసి అదే పనిగా చూస్తున్నారు. "మేస్టారూ," అని పిలుపు వినబడింది. ఆ అమ్మాయే. "కుంచెం ఇటు జరగండి. ఆళ్ళు కనపడతన్నారు." నేను జరిగి, వాళ్ళకూ ఆమెకూ మధ్య నిలబడ్డాను. కోర్టు లేచేదాకా అక్కడి నుంచి కదల్లేదు. జీవితంలో నన్ను చాలామంది చాలా పనులకు పిలిచారు. నన్ను నమ్మి చెప్పిన ఆ చిన్న పనికి పడ్డ రుణం ఇంకా తీరలేదు.

సాక్ష్యం రోజు ఆమె బయట బెంచీ మీదే ఉంది. లోపల నేను మేస్త్రీ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. అవతలి ప్లీడరు లేచి మర్యాదగానే అడిగాడు. "మీ ఎదుటే ఇద్దరూ చేతులు కలిపారు కదండీ? అంటే ఆమె క్షమించినట్టే కదా?"

"ఆమె కలపలేదండీ," అన్నాను. "పిడికిలి బిగించుకుని ఉంటే నేను విప్పాను. వందనాలు కూడా ఆమె చెప్పలేదు. మేం చెప్పించాలని చూశాం."

మేస్త్రీకి శిక్ష పడింది. అతను పైకోర్టుకు వెళ్ళాడు, అది ఏళ్ళు పట్టింది. ఫ్యాక్టరీకి మాత్రం తిరిగి రాలేదు. మా ఊరి ఆడవాళ్ళకు పని పోలేదు. సంఘంలో కొందరు నాతో మాట్లాడడం మానేశారు, పెద్దరికం నేను వదిలేశాను. ఆ తర్వాత వచ్చిన పాస్టరు గారి భార్య ఇలాంటి సంగతి ఏది తెలిసినా వరండా దాకా రానివ్వకుండా, ఆ మనిషిని నేరుగా పలాస ఆడవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళేది. కబురు వస్తే నేనూ వెళ్ళి బెంచీకి కాస్త దూరంలో నిలబడేవాణ్ణి. గట్లకూ కొబ్బరికాయలకూ ఆ చాప ఇప్పటికీ పరుస్తారు. పరవనీ.

కానీ నాకు తీర్పు రోజు కన్నా సాక్ష్యం చెప్పిన రోజు తిరుగు ప్రయాణమే ఎక్కువ గుర్తు. బస్సు కిక్కిరిసి ఉంది. పెద్దావిడ ఎక్కుతూనే, "ఏటి మేస్టారూ, మీ మొకం సూస్తే మిమ్మల్నే జైల్లో ఎట్టీసినట్టుంది," అంది. అందరూ నవ్వారు. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఆ అమ్మాయి కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"నా యేళ్ళ మాట సెప్పినారా?"

"చెప్పానమ్మా."

"మీరు ఇప్పినారని సెప్పినారా?"

"అదే చెప్పాను."

జీడితోటలు వెనక్కి పోతున్నాయి. తర్వాత, ఎవరూ తగలకుండా పక్క సీటు మీద పెట్టుకున్న తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "కూకోండి మేస్టారూ. పలాస దాకా ఎలగ నిలబడతారు?"

వందనాలు చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎదురుచూడనూ లేదు. చెప్పక్కర్లేకుండానే ఆమె నాకు చోటిచ్చింది. సీటు అంచున సర్దుకుని, నా రెండు చేతులూ నా ఒళ్ళోనే పెట్టుకుని, పలాస దాకా కూర్చున్నాను.