ఒడిలో బియ్యం మూట

పాతపట్నం బస్సులో నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒడిలో బియ్యం మూట ఉంది. ఈస్టర్ ముందు తపస్సు కాలమంతా ఎసట్లో పోసే ముందు గుప్పెడేసి తీసి దాచిందట. క్యాథలిక్ చర్చిలో ఇస్తే, అవి అమ్మి ఎక్కడో కరువు దేశానికి సాయం పంపుతారట.

"నువ్వే రేషన్ బియ్యం తింతన్నావు. మొకం తెలీనోలికి దానాలేటే మామ్మా? ముందా మూట కిందెట్టు," అన్నాడు కండక్టర్.

ఆవిడ మూటను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"దానవని ఎవుడు సెప్పినాడ్రా? ఆల వాటా నా కుండలో పడకుండా తీసినాను. ఆల కూడు కాళ్లకాడ ఎట్టీమంతావేటి?"

మూట పాతపట్నం దాకా ఒడిలోనే ఉంది.

ఇప్పటికీ నా ముందు ఎవరైనా దానం చేశామని చెప్పుకుంటే, అది ఎవరి వాటా అని అడుగుతాను. చాలామందికి కోపం వస్తుంది. రానీ.