అవసరం లేదన్నారు

మా అక్క కూతురి సంబంధం తెగిపోబోతే మళ్ళీ అతికించింది నేనేనని తుడియలూరులో మావాళ్ళందరూ చెప్పుకుంటారు. అబద్ధం. తెంపబోయిందే నేను. ఆరేళ్ళుగా ఆ పొగడ్తలు మింగుతూ వచ్చాను, ఇక అరగడం లేదు.

మాలాగే తమిళ సీమలో స్థిరపడ్డ, పెరియకుళంలో మామిడితోటలున్న తెలుగువాళ్ళు పిల్లను చూసుకుపోయారు. అబ్బాయిని చూసిన పూట నుంచి మా పిల్ల నేలమీద నడవడం మానేసింది. నీళ్ళు పోయకుండా కుక్కరు పెట్టింది. అక్క తిడితే నవ్వింది. నా పంపుల వర్క్‌షాపుకు రోజుకు నాలుగు ఫోన్లు. "మామా, వాండ్లు ఏమన్నా చెప్పినారా?"

పదో రోజు ఉండబట్టలేక అబ్బాయి తల్లికి నేనే ఫోను చేశాను. ముహూర్తం మాట ఎత్తగానే ఆమె, "అవసరం లేదన్నా, తర్వాత మాట్లాడతా" అని పెట్టేసింది. వెనకాల ఒకటే లారీల మోత.

పంపుసెట్లు అమ్మే పనిమీద నేను విజయవాడలో రెండేళ్ళున్నాను. మా ఇళ్ళలో మాట్లాడేది తమిళం కలిసిన తెలుగనీ, అసలు తెలుగు నాకొక్కడికే వచ్చనీ నా నమ్మకం. పైగా కాలేజీలో తర్కశాస్త్రం చదివాను. అక్క ఇంటి హాల్లో నిలబడి అందరికీ తీర్పు వినిపించాను.

"సంబంధం వద్దనుకున్నవాళ్ళు అవసరం లేదంటారు. వీళ్ళు అవసరం లేదన్నారు. కాబట్టి వీళ్ళకు సంబంధం వద్దు."

అక్క కూలబడిపోయింది. బావ అప్పటికే ఫోను తీసి చుట్టాలకు చెప్పేస్తున్నాడు. పిల్ల ఏడవబోయి ఆగింది.

"మామా, ఆమె ఏమన్నదో ఉన్నదున్నట్టు చెప్పు."

"అవసరం లేదంది. తర్వాత మాట్లాడతానంది."

"వద్దన్నోళ్ళు తర్వాత ఏం మాట్లాడతారు? వానల గురించా?"

పిల్ల నా ముందుకొచ్చి నిలబడింది.

"జొరం వస్తే ఒళ్ళు కాలుతుంది. ఎండలో నిలబడినా కాలుతుంది. ఒళ్ళు కాలినోళ్ళందరికీ సూది పొడిచేస్తావా మామా?" అని, అంతలో ఏదో తట్టి గట్టిగా అరిచింది. "ఐయో! పొద్దున అమ్మ నాకేం చెప్పింది? అవసరపడొద్దు, మెల్లగా తిను అనలేదా?"

తమిళంలో అవసరం అంటే తొందర. తరతరాలుగా ఇక్కడ బతుకుతున్న మా నోళ్ళలోనూ అంతే. ఆమె తొందర లేదంది. ఆ మాటను విజయవాడ దాకా తీసుకెళ్ళి అర్థం చెప్పుకొచ్చినవాణ్ణి నేను.

పిల్ల నా ఫోను లాక్కుని, అందరికీ వినబడేట్టు పెట్టింది.

"అత్తా, మీకు అవసరం లేదా, లేకపోతే అక్కరే లేదా?"

అవతల లారీల మోత. దాన్ని మించి నవ్వు. "తర్వాత అంటే కాయ కోత ముగిసినాక అని పిల్లా! నీకంత అవసరమైతే చెప్పు, రేపే వచ్చేస్తాం!"

పిల్ల సిగ్గుతో ఫోను నా చేతిలో పడేసి పరుగెత్తింది. అక్క ఏడుస్తూనే నవ్వింది. బావ మాత్రం ఇంకా ఎవరికో చెబుతూనే ఉన్నాడు.

నియమమూ సందర్భమూ రెండూ నిజమైతే ఫలితం తప్పదు. తర్కశాస్త్రంలో ఖాయంగా నిలబడేది అదొక్కటే. నేను తలకిందులుగా నడిచాను. ఫలితాన్ని పట్టుకుని కారణాన్ని ఊహించాను. ఊహించడం నేరం కాదు, నా బతుకే దానిమీద నడుస్తోంది. మోటారు తిరుగుతూ నీళ్ళు ఎక్కకపోతే పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ పోయిందేమో అనుకుంటాను. కానీ పైపు పైకి లాగి చూడకుండా వాల్వ్ మార్చమని ఏ రైతుకూ చెప్పలేదు. ఇంటి పిల్ల విషయంలో మాత్రం ఊహకు "కాబట్టి" అని తగిలించి తీర్పు చేసేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. బావ ఫోన్లు అందుకున్న చుట్టాలు పెళ్ళిలో నన్ను చుట్టుముట్టి, "కాదన్నవాళ్ళను భలే ఒప్పించావయ్యా" అన్నారు. నేను మీసం సర్దుకున్నాను. నా పరువు పోతుందని ఇంట్లోవాళ్ళు నోరు మెదపలేదు. దాంతో ఆ తల్లి మా పిల్లను ముందు కాదన్న మనిషిగా మిగిలిపోయింది. ఏ శుభకార్యానికి వచ్చినా మా ఆడవాళ్ళు ఆమెతో రెండు పుల్లవిరుపు మాటలు అనకుండా వదలరు.

పోయిన నెల పెరియకుళం వెళ్ళి ఆమెకు అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"మీవాండ్లు నాతో సరిగ్గా మాట్లాడంది ఇందుకా అన్నా! మా పండ్లు పులుపనేమో అనుకుంటిని. ఏటేటా మంచివన్నీ మీకు ఏరి పంపి, పులుపువి మేమే తింటిమి!"

ఆమె మా పిల్లను కాదనలేదు. ఏనాడూ అనలేదు. మా ఆడవాళ్ళారా, ఈసారి ఆమె కనబడితే పక్కన కూర్చోబెట్టుకోండి. అనాల్సిన మాటలేమన్నా మిగిలి ఉంటే, నన్ను అనండి.