సగం తిప్పిన నల్లా

మా ఇంట్లో నల్లా కింద బకెట్ పెట్టకుండా ఎవరైనా చేతులు కడిగితే నేను ఊరుకోను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు, బట్టలు జాడించిన నీళ్ళు బాత్రూముకు పోవాలి. ఉప్పల్ దగ్గర చిల్కానగర్‌లో ఇల్లు కట్టుకున్న కొత్తలో వారానికి ఒకసారి ట్యాంకరు వచ్చేది. దాని వెనక బిందె పట్టుకుని పరుగెత్తినదాన్ని నేను. ఒకసారి నా బిందె నిండకుండానే బండి తియ్యబోతే వెళ్ళి టైరు ముందు నిలబడ్డాను. నిండాకే పక్కకు జరిగాను.

చదివింది మూడో తరగతి. అయినా నీళ్ళ సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదని అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకే నా చిన్న కూతురి నౌకరీ ఊడిపోయేంత పని అయింది.

చిన్నది పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. నాచారంలో మూతపడిన ఒక దారం మిల్లు షెడ్డును ఒకాయన తీసుకుని, లోపలే నీళ్ళ ఆటల పార్కు కడుతుంటే, అందులో పంపు రూముకు ఇంచార్జిగా చేరింది. నీళ్ళు శుభ్రం చేసే మోటర్లు, మందులు, గాలి తిప్పే ఫ్యాన్లు అన్నీ దాని చేతి కిందే. బయట కొనుక్కు తింటే పైసలు దండగ అని మధ్యాహ్నం బువ్వ డబ్బా నేనే తీసుకుపోయేదాన్ని. అట్లా ఆ పార్కు కట్టడమంతా నా కళ్ళ ముందే జరిగింది.

మొదటిసారి పోయినప్పుడు అక్కడ నీటి చుక్క లేదు. దుమ్ము ఉంది. మనుషులు పైకెక్కి కప్పు కింది ఇనప దూలాలను గీకి, రంగు మీద రంగు వేస్తున్నారు. ఇంత రంగు దేనికని అడిగాను. మూసిన షెడ్డులో నీళ్ళ ఆవిరి బయటికి పోదు, పైకి లేచి ఇనుముకు పడుతుంది, మామూలు రంగైతే ఏడాదికే తుప్పు తింటుంది అని చెప్పింది నా బిడ్డ. తరువాత నేల వేశారు. నా బిడ్డ ప్రతి మూలా చెంబుతో నీళ్ళు పోసి, అవి ఎటు పారుతున్నాయో వంగి చూసేది. ఎక్కడైనా నిలిచాయా, అక్కడ పగలగొట్టించి మళ్ళీ వేయించేది. బండలేమో గరుకుగా ఉన్నాయి.

"నిన్ను మోసం జేసిన్రే, నున్నటియి పెట్టలేదు," అన్నాను.

"నున్నటియి పెడితే ఉరికే పిల్లలు జారి తలకాయలు పలగ్గొట్టుకుంటరమ్మ," అని నవ్వింది.

కొలను అడుగున నీళ్ళు గుంజే జాలీ ఒక్కటి చాలదని రెండు పెట్టించింది. ఒక్కటే ఉంటే, దాని మీద ఎవరైనా కూర్చున్నప్పుడు మోటరు గుంజుడంతా వాళ్ళ మీదే పడి లేవనియ్యదట. రెండుంటే ఒకటి మూసుకున్నా నీళ్ళు ఇంకో దాంట్లో నుంచి పోతాయి. ఆడపిల్లల జడ కూడా అందులో చిక్కుకోకూడదని జాలీ కంతలు వేలు పెట్టి చూసింది. జారుడు గొట్టాలు బిగించాక నా పాత నైలాన్ చీర అడిగింది. చిరిగిందే ఇచ్చాను. దాన్ని పై నుంచి కింది దాకా గొట్టం లోపల ఈడ్చుకుంటూ పోయారు. అతుకుల దగ్గర రెండు చోట్ల చీర దారం పట్టింది. ఆ రెండూ మళ్ళీ గీసి నున్నగా చేసేదాకా ఒక్కరినీ ఎక్కనివ్వలేదు. ఆ తరువాత కూడా ముందు ఇసక బస్తాలు జారాయి, తరువాతే మనుషులు. ఇది నా కడుపున పుట్టిందే అని మనసులో అనుకున్నాను.

నాకు అక్కడ పని దొరకడం చిత్రంగా జరిగింది. ఒకరోజు ఒక మేస్త్రీ చెప్పులతో కడిగిన నేల మీదికి వచ్చాడు. నేను అరిచిన అరుపుకు అతను చెప్పులు చేతిలో పట్టుకుని వెనక్కి పోయాడు. ఓనరు చూశాడు.

"అమ్మా, నీ నోరు నాకు కావాలె," అన్నాడు. "వచ్చేటోళ్ళు స్నానం జేయకుండ కొలన్ల దుంకుతరు. నువ్వు షవర్ల కాడ నిలబడు. సబ్బుతోని కడగకుండ ఒక్కర్ని గూడ లోపలికి పోనియ్యకు."

కూతురు కూడా అంతే చెప్పింది. "మంచిగ కడుక్కుని పోవాలె అమ్మ, జుట్టు ముడేసుకోవాలె, నూలు బట్టలతోని పోవద్దు." ఎందుకు కడగాలో అది చెప్పలేదు, నేను అడగలేదు. కడుక్కోవడానికి కారణం కూడా కావాలా?

పార్కు తెరవడానికి ముందు పని చేసేవాళ్ళ ఇంటివాళ్ళనూ చుట్టుపక్కల కాలనీలవాళ్ళనూ ఊరికే పిలిచి ఆడించారు. ఆ పై సోమవారం మొదటిసారిగా ఒక బడి పిల్లలు రావాలి. ఓనరు నా ముందే నా కూతురితో తేల్చి చెప్పాడు. "సోమవారం లోపట నీళ్ళు, గాలి కరెక్టుగ ఉండాలె. లేకుంటే బయటినుంచి అనుభవమున్న మనిషిని తెచ్చుకుంట. మళ్ళ నన్ను అనొద్దు."

అలా ఊరికే ఆడించిన మొదటి రోజు పొద్దున షవర్లు విప్పారు. వరసగా ఆరు షవర్లు. ఎవరు కింద ఉన్నా లేకపోయినా వాన పడ్డట్టు కురుస్తూనే ఉన్నాయి. ఉప్పల్‌లో ఎండాకాలం బిందె లెక్కన నీళ్ళు కొనుక్కున్న మనిషిని నేను. గోడ వెనక ఆరింటికీ కలిపి ఒక పెద్ద నల్లా ఉంది. పోయి దాన్ని సగం తిప్పాను. మధ్యాహ్నానికి ఇంకొంచెం తిప్పాను. సన్నటి ధార వస్తోంది. మనిషి తడవడానికి అది చాలదూ!

ఒక పెద్దమనిషి గొణిగాడు. "ఏందమ్మ గిది, చుక్క చుక్క పడ్తున్నది? సబ్బు గూడ పోతలేదు."

"పెండ్లికి పోతున్నవా? తడిసినవ్ గద, చాలు, నడువ్," అన్నాను.

ఆయన నురగ చెవుల వెనకే పెట్టుకుని లోపలికి పోయాడు. నేను మిగిలిన నీళ్ళు తలచుకుని సంతోషపడ్డాను.

నాలుగో రోజుకు లోపల ఘాటు వాసన మొదలైంది. పిల్లలు కళ్ళు నలుపుకుంటున్నారు. ఎత్తు కుర్చీల మీద కూర్చుని నీళ్ళను కాపలా కాసేవాళ్ళు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటున్నారు. నాకైతే ఏ అనుమానమూ రాలేదు. మా ఊళ్ళో బావిలో బ్లీచింగు పౌడరు చల్లినప్పుడు ఇదే వాసన వచ్చేది. వాసన గట్టిగా ఉంటే నీళ్ళు శుభ్రంగా ఉన్నట్టే అని నా లెక్క.

నా కూతురు మాత్రం ఈల ఊదించి అందరినీ బయటికి రప్పించింది. చిన్న గాజు సీసాలలో నీళ్ళు పట్టి, చుక్కల మందు వేసి, రంగు చూసింది. మొహం మాడింది. ఆ రోజు నుంచి దానికి నిద్ర లేదు, తిండి లేదు. ఇసక ఫిల్టరు కడిగింది. మందు వేసే మోటరు విప్పి బిగించింది. గాలి ఫ్యాన్ల బెల్టులు మార్పించింది. ఫ్యాన్లు పూర్తిగా తిప్పి బయటి గాలి ఎక్కువ తెచ్చింది. పొద్దున బాగుండేది. మనుషులు దిగి రెండు గంటలయ్యేసరికి మళ్ళీ అదే వాసన.

ఎలక్ట్రీషియన్ గోడకు ఆనుకుని నవ్వాడు. "మోటర్లు మొగోళ్ళ మాటనే వింటయ్ మేడం."

నేను అక్కడే ఉన్నాను. "గట్లనా బిడ్డా? మరి పోయిన వారం నీ మాట వినే మోటరు ఎట్ల కాలిపోయింది?" అన్నాను. అతను స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ పోయాడు.

శుక్రవారం ఓనరు పంపు రూము తాళాలు అడిగి తీసుకున్నాడు. "బయటి మనిషితోని రేపు మాట్లాడుత," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోంది. తింటే తిను, లేకపోతే కంచంలో పెట్టించుకోకు అని కసురుదామనుకున్నాను. దాని మొహం చూసి మానుకున్నాను.

"అంత వాసనొస్తుంటే నీళ్ళు మంచిగున్నట్టే గద. దేనికి ఫికరు జేస్తవ్?" అన్నాను.

అది తల ఎత్తింది. "గది క్లోరిన్ వాసన కాదమ్మ. మంచి క్లోరిన్‌కు గంత వాసన రాదు. మనుషుల ఒంటి చెమట, తల నూనె, పిల్లల ఉచ్చ నీళ్ళల్ల కలుస్తయ్. క్లోరిన్ వాటితోని కొట్లాడి ఖరాబైతే గా వాసనొస్తది. ఆరుబయటైతే గాలికి పోతది. మనది నాలుగు గోడల నడుమ. నీళ్ళ మీదనే పరుసుకుని కూసుంటది. ఈదే పిల్లల ముక్కులుండేది గూడ గాన్నే." కంచం పక్కకు జరిపింది. "గందుకే గదమ్మ నిన్ను షవర్ల కాడ పెట్టింది. నువ్వేమో ఒక్కరిని గూడ ఇడవకుండ కడిగి పంపుతున్నవ్. మరి గీ మురికంత యాడికెంచి వస్తున్నదో సమజైతలేదు."

నన్ను అనుమానించలేదు. అందరినీ, అన్నిటినీ అనుమానించింది గానీ నన్ను మాత్రం అనుమానించలేదు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. అబద్ధమాడితే చెంప పగలగొట్టి పెంచినదాన్ని, గిన్నెలు కడిగే వంకతో లేచిపోయాను. ఆ గిన్నెలను కూడా రెండు చెంబుల నీళ్ళతోనే కడిగాను.

శనివారం పొద్దున పోయేసరికి ఓనరు ఫోను చెవిదగ్గర పెట్టుకుని ఎవరితోనో "ఎప్పుడు రాగల్గుతవ్?" అంటున్నాడు. కూతురు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"ఫోను పెట్టు సారూ," అన్నాను. "తప్పు నాది. షవర్ల నల్లా నేనే సగం తిప్పిన. మొదటి దినం నుంచి. నీళ్ళు ఆగమైతున్నయని. ఎవ్వల్ని సరిగ్గ కడగనియ్యలే."

ఆయన ఫోను దించాడు. "నువ్వా? ఒక్కర్ని గూడ ఊకె పంపనని ఊరంత వినేటట్టు ఒర్రేది నువ్వే గద!"

"ఒర్రిన. కడిగియ్యలే."

కూతురు నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. కోపం కాదు. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్న వస్తువు మన కొంగులోనే దొరికినప్పుడు చూసే చూపు. తిన్నగా గోడ వెనక్కి పోయింది. నల్లా పూర్తిగా తిప్పిన చప్పుడు, షవర్లు కురిసిన చప్పుడు వినపడ్డాయి.

"బిందెడు నీళ్ళు మిగిల్చి నా కొలనంత ఖరాబు జేసింది మీ అమ్మ!" అన్నాడు ఓనరు.

"అమ్మకు కడుగుమని చెప్పిన సార్, ఎందుకు కడగాల్నో చెప్పలే," అంది నా కూతురు. "గది నా తప్పు. షవర్ల నీళ్ళు నేను సూడాలె, సూడలే. గది గూడ నా తప్పే. ఇప్పుడు సంగతి తెలిసింది గద. రెండు దినాలియ్యున్రి. సోమవారం పొద్దున రంగు సరిగ్గ రాకుంటే పిల్లల బస్సుల్ని నేనే ఎనకకు పంపుత, మీరు చెప్పేదాక ఆగ."

బస్సులను వెనక్కి పంపుతానన్న మాటకే ఆయన మెత్తబడ్డాడనుకుంటాను. తాళాలు బల్ల మీద పెట్టాడు. చేతికియ్యలేదు, పెట్టాడంతే.

కొలనులో సగం నీళ్ళు బయటికి వదిలేశారు. ఆ నీళ్ళు పోతుంటే మొక్కలకన్నా పోయరాదా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. కొత్త నీళ్ళకు ట్యాంకర్లు వచ్చాయి. ఒకప్పుడు ఒక్క బిందె కోసం ట్యాంకరు టైరు ముందు నిలబడిన మనిషిని, నా మూలంగా వచ్చిన ట్యాంకర్లకు దారి చూపిస్తూ గేటు దగ్గర నిలబడ్డాను. ఆదివారం చర్చికి పోలేదు. దేవుడికి చెప్పుకోవాల్సింది అక్కడ పైపు పట్టుకునే చెప్పుకున్నాను. లోపల ఎవరినీ ఉండనియ్యకుండా ఫ్యాన్లన్నీ తిప్పి, ఎంత మందు వెయ్యాలో అంత వేసి, నా కూతురు గంటగంటకూ సీసా పట్టి చూసింది. సాయంత్రం కాపలా వాళ్ళు మొదట సబ్బుతో స్నానం చేసి నీళ్ళలోకి దిగారు. రెండు గంటలు ఆడారు. కళ్ళు మండలేదన్నారు. అయినా సోమవారం ఏమవుతుందో ఎవరికి తెలుసు? వాళ్ళు పది మంది. వచ్చేది బడి.

సోమవారం బస్సులు దిగాయి. షవర్లు ఆరూ జోరుగా కురుస్తున్నాయి. నేను చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి నిలబడ్డాను. చెవుల వెనక, చంకల కింద, మెడ మీద, తలలో నూనె పోయేదాకా. "ఇంట్ల స్నానం జేసిన అమ్మమ్మా," అంది ఒక పిల్ల.

"ఇంట్ల జేసింది ఇంటికే. ఇది ఈడికి. తిరుగు!"

వాళ్ళతో వచ్చిన టీచరు కోస్తా మనిషి. గోడ పక్కన నిలబడి కాసేపు చూసి నొచ్చుకుంది. "అయ్యో, అలా వదిలేశారేంటి మామ్మగారూ? నీళ్ళన్నీ వృథాగా పోతున్నాయి కదా. కాస్త తగ్గించండి."

ఆమె మొహంలో నన్ను నేనే చూసుకున్నట్టయింది. కోపం రాలేదు.

"తగ్గిచ్చి సూసిన టీచరమ్మా," అన్నాను. "గిక్కడ తగ్గిస్తే గా మురికంత పోయి కొలన్ల పడ్తది. పిల్లల కండ్లు మండుతయ్. మళ్ళ కొలనంత పారబొయ్యాలె. కావాలంటే మీ ఇంట్ల తగ్గియ్యున్రి, నేను గూడ తగ్గిస్త. ఈడ మాత్రం కాదు. ఇగో సబ్బు, మీరు గూడ రాండ్రి."

ఆమె వాచీ తీసి సంచిలో పెట్టి షవరు కిందికి వచ్చింది.

మధ్యాహ్నం దాకా నేను ముక్కుతోనే బతికాను. గాలి పీలుస్తాను, ఏమీ లేదు. మళ్ళీ పీలుస్తాను, తడి బండల వాసన, సబ్బు వాసన. పిల్లల కేకలు తప్ప దగ్గు వినపడలేదు. మూడు గంటలకు కూతురు సీసా పట్టుకుని వచ్చింది. ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి ఓనరుకు చూపించింది. ఆయన రంగు చూశాడు, దాని మొహం చూశాడు. జేబులోంచి ఫోను తీసి, వచ్చే మనిషికి ఇక రావద్దని చెప్పాడు. పంపు రూము రెండో తాళంచెవి కూడా తీసి నా బిడ్డ చేతిలోనే పెట్టాడు.

సాయంత్రం అది పానా పట్టుకుని గోడ వెనక్కి పోయి, ఆ పెద్ద నల్లా పిడి విప్పి తెచ్చింది. ఇక పానా లేకుండా ఎవరూ దాన్ని తిప్పలేరు.

"నా మీద నమ్మకం లేదా ఏంది?" అన్నాను.

"నీ మీద ఉన్నదమ్మ. నీ చెయ్యి మీదనే లేదు," అని ఆ పిడి నా డబ్బా సంచిలో వేసింది.

ఇప్పుడది మా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. దాని కింద నల్లా. నల్లా కింద బకెట్. బకెట్ తీసే ఉద్దేశం నాకు లేదు.