ఎక్కడికి అని అడగని వేసవి

నార్సింగి సర్వీసు రోడ్డు పక్కన ముంజల బండి కనబడితే ఆగకుండా వెళ్లడం నాకు చేతకాదు. నిన్న ఆఫీసు నుంచి వస్తూ మళ్లీ ఆపాను. కాయలో బొటనవేలు దించగానే చివ్వుమని లేచిన నీళ్లు కొత్త కుర్తాను మోచేతిదాకా తడిపాయి. ఆ చల్లదనం, ఆ లేత తాటి వాసన తగలగానే పోయిన మా అత్తమ్మ గుర్తొచ్చింది. "ముంజల కాడికి మంచి బట్టలు కట్టుకొని వచ్చేటోళ్లకు ఏం చెప్తం?" అనేది, నన్నే చూస్తూ.

మాది గుంటూరు వైపు. ఆమెది ఈ నార్సింగే, ఈ మేడలేవీ లేవకముందు నుంచీ. నాకు ఏ పనైనా ముందుగా ప్రణాళిక ఉండాలి. ఆఫీసులో నాకు జీతమిచ్చేదే అందుకు. ఆమెకేమో గడప దాటే ముందు "ఎక్కడికి" అన్న మాట వినబడకూడదు. బయలుదేరేవాళ్లను అలా అడిగితే వెళ్లిన పని చెడుతుందని మావైపూ అంటారు, కానీ అనేసి మరిచిపోతాం. ఆమె అలా కాదు. వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరేది. మా మియాపూర్ ఫ్లాటులో ఆమె తాగిన మంచినీళ్లలో సగం నా నోటి పుణ్యమే.

కొన్నేళ్ల కిందటి ఒక వేసవికి మా అమ్మాయి స్వర రెండో తరగతి ముగించింది. బాబు విభు ఇంకా బడిలో చేరలేదు. సెలవులు మొదలవుతూనే మామయ్య మెట్రో స్టేషన్లో కదిలే మెట్ల మీద కాలు తడబడి పడిపోయారు. మోచెయ్యి దోక్కుపోవడం తప్ప దెబ్బేమీ లేదు. కానీ మనవల కళ్లముందు పడ్డారు, ముక్కూమొహం తెలియనివాళ్లు రెక్క పట్టుకుని లేపారు. ఈ నగరంలో ఉద్యోగమంతా సిటీ బస్సు నడిపిన మనిషి. ఆ తర్వాత ఇల్లు కదలడం మానేశారు. "మోకాళ్లు నొస్తున్నయి, మీరు పోయి రండ్రి" అనేవారు. మోకాళ్లు భేషుగ్గా ఉన్నాయని డాక్టరు చెప్పిన సంగతి నేను ఆయన మొహం మీదే అన్నాను. ఆయన టీవీ గొంతు పెంచారు. ఇలా కూర్చుని కూర్చుని ఒకనాటికి నిజంగానే లేవలేరేమోనని నా భయం.

ఒక శనివారం అత్తమ్మ పిల్లలకు చెప్పులు తొడిగి, "ఓ అయ్యా, జర కింది దాంక నువ్వు గూడ రా" అంది మామయ్యతో.

"ఎక్కడికండీ?" అన్నాను వంటింట్లోంచి.

ఆమె కూర్చుంది. నీళ్లు తాగింది. లేచింది. ఇంతా చేసి వెళ్లింది మా గేటు పక్కన ముంజల బండి దగ్గరికి.

"సెలవుల్లో పిల్లల్ని తిప్పే చోటా ఇది? అందరూ వాటర్ పార్కులకు తీసుకెళ్తుంటే," అన్నాను.

"నీళ్లే గద కావాలె," అంది, తడిసి ముద్దైన విభు చొక్కా చూపిస్తూ.

తర్వాతిసారి మలుపులో బస్‌స్టాపు బల్ల. ఎక్కేది లేదు, దిగేది లేదు. మామయ్య మాత్రం వచ్చే ప్రతి బస్సునూ తిట్టారు. "గట్ల బ్రేకు కొడితే నిలబడ్డోళ్లు ఏం గావాలె?" పిల్లలు ఆయన్ని ప్రశ్నలతో ఊపిరాడనివ్వలేదు. ఆపైన మెట్రో స్తంభాల కింద నిలబడి తలమీద పోయే రైళ్లు చూడటం. ఈ చోట్లను ఆమె ఎలా ఎంచుతుందో నాకు అంతుపట్టేది కాదు. అడిగితే "నీడ ఉంది గద" అనేది. నీడ మా బాల్కనీలోనూ ఉంది.

ఒకరోజు అందరూ గుమ్మంలో ఉండగా ఇక ఆగలేకపోయాను. "ఇవాళైనా చెప్పండి అత్తమ్మా, ఎక్కడికో. ఊరికే నిలబడటానికైతే నేను రాను."

ఆమె కూర్చునేలోపే విభు చెప్పేశాడు. "మెట్రో ఎక్కనీకి."

మామయ్య తొడుక్కున్న చెప్పులు విడిచేశారు. "మోకాళ్లు," అన్నారు. టీవీ మోగింది.

వంటింట్లో నేను వాదనకు సిద్ధమయ్యాను. ఆమె ఉల్లిపాయ కోస్తూ నింపాదిగా అంది. "ముంజల కాడికి వచ్చిండు. బస్సుల కాడికి వచ్చిండు. రైలు కిందికి గూడ వచ్చిండు. ఏడికో ముందే తెలిస్తె ఆయన ఇంట్లనే పడిపోతడు బిడ్డా. తెల్వకుంటె కాళ్లు నడుస్తయి."

ఒక్కో షికారూ ఆ మెట్లకు కాస్త దగ్గరగా జరిగిందని నాకు అప్పుడు తెలిసింది.

"ఆ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తె ఆయనతోని వాదిస్తవు. గెలుస్తవు గూడ. నువ్వు గెలిస్తె ఆయన ఇంక లేవడు."

"మరి నన్నేం చేయమంటారు?"

"వచ్చినంక అడుగు. ఏడికి పోయిండ్రని కాదు, ఏం చూసిండ్రని."

మళ్లీ ముంజల బండి నుంచి మొదలు. నేను నోటికి తాళం వేసుకున్నాను. అదెంత కష్టమో మా ఆయన్ని అడగండి. సెలవులు అయిపోవచ్చే వేళకు అందరం ఆ కదిలే మెట్ల ముందు నిలబడి ఉన్నాం. మామయ్య నేల చూస్తున్నారు. నా చెయ్యి లిఫ్టు వైపు లేవబోయి ఆగింది. అత్తమ్మ ఎటో చూస్తోంది.

"తాతా," అంది స్వర, "కదిలే బస్సు ఎక్కేవాళ్లని నువ్వేమనేవాడివి?"

"ఏమంట? మస్తు తిట్టేటోన్ని."

"తిట్టినా ఎక్కేవాళ్లు ఎట్లా ఎక్కేవాళ్లు మరి?"

"కడ్డీ పట్టుకోవాలె. కింద చూడొద్దు, ముందల్కి చూడాలె. గిట్ల..."

చూపిస్తూ చూపిస్తూ కడ్డీ పట్టుకున్నారు. మెట్టు ఆయన్ని తీసుకుపోయింది. రెండో చేతిలో స్వర చెయ్యి ఉంది. వెనకే విభును ఎత్తుకుని అత్తమ్మ. ఆ ప్రశ్న స్వరదా, వాళ్ల నాయనమ్మదా అన్నది నాకు నేటికీ తేలలేదు. తనదేనంటుంది స్వర. నేను నమ్మను.

సెలవురోజునా వదలని ఆఫీసు కాల్ ఉండి నేను కింద నుంచే ఇంటికి వచ్చేశాను. వాళ్లు తిరిగొచ్చాక చెప్పిన మాట ప్రకారమే అడిగాను. అన్నం చల్లారిపోయేదాకా మామయ్య చెబుతూనే ఉన్నారు. "నేను నడిపిన రోడ్డు పైనుంచి చూస్తె గంత సన్నగ ఉంటదని నాకు తెల్వదు," అన్నారు, పదే పదే.

గడప దగ్గర "ఎక్కడికి" అంటే పని చెడుతుందని నేను ఇప్పటికీ ఒప్పుకోను. నిన్న ముంజలతో ఇంటికి చేరేసరికి మామయ్య గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్నారు. ఈ వయసులో, ఈ ఎండలో, ఒక్కరే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూశారు. నేను ముంజలు గిన్నెలో పోసి మూత పెట్టాను.

పొద్దు వాలాక తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

"ఏం చూసిండ్రు మామయ్యా?" అన్నాను.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందు మంచినీళ్లు అడిగారు.