సిస్టరమ్మ వెళ్లని ఊరు

మా సిస్టరమ్మ పోయింది. పోయిన నెల ఒకరోజు పొద్దున, దవాఖానలో. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక జనగామలో మా జిరాక్సు షాపు పైగదిలో అద్దెకున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు. మా వాడకట్టులో ఆమె అసలు పేరు ఎంతమందికి తెలుసో అనుమానమే. అందరికీ సిస్టరమ్మే.

సమాధుల తోట నుంచి తిరిగి వస్తుంటే ఆమె చిన్నాయన కొడుకు నా పక్కన నడుస్తూ నిట్టూర్చాడు. "ఒక్క మాట రాస్తే అయిపోవు గదనే. గా మలేషియాల రాణి లెక్క ఉంటుండె. మొండికేసి, గీ మెట్లు ఎక్కుడు దిగుడుల పానం తీసుకున్నది." వెనక నుంచి ఇద్దరు ముగ్గురు అవునవునన్నారు.

నాకు ఒళ్లు మండింది. మట్టి తడి ఆరలేదు, చేతులైనా కడుక్కోలేదు, అప్పుడే తీర్పు చెప్పేశారు! ఆ ఒక్క మాట ఏమిటో వీళ్లలో సగం మందికి తెలియదు. నాకు తెలుసు. రాసెయ్యమని ఆమెను సతాయించినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెది మానుకోట దగ్గర చిన్న పల్లె. కాగితాల మీద మహబూబాబాద్ అంటారు గానీ మా నోళ్లకు మానుకోటే. ఉద్యోగం ఎక్కువగా భూపాలపల్లి వైపు, ఘనపూర్ చుట్టుపక్కల. బస్సు పోని తండాలకు నడిచి వెళ్లి పురుళ్లు పోసింది. ఆ నడకే మోకాళ్లను తినేసింది. గడియారం ముఖాన్ని మణికట్టు లోపలికి తిప్పి పెట్టుకునేది. ఎవరు ఎదురుపడినా ముందు మెడ మీద చేతి వెనకవైపు ఆనించి జ్వరముందేమో చూసేది, ఆ తర్వాతే బాగున్నవా అని అడిగేది. మందు వాడనివాళ్లను చూస్తే ఆమెకు శివాలెత్తేది. "రోగానికి సిగ్గు లేదు, నీకెందుకురా?" అని నడిరోడ్డు మీద తిట్టేది.

నర్సు ట్రైనింగులో ఆమెకో స్నేహితురాలుండేది, గుంటూరు వైపు మనిషి. హాస్టల్లో అందరూ ఈమె యాస విని నవ్వితే నవ్వని పిల్ల అదొక్కతేనట. ఆవిడ తర్వాత మలేషియా వెళ్లి, అక్కడే స్థిరపడి, భర్త పోయాక ఒంటరిదైంది. ఈమె రిటైరవగానే కబురు పెట్టింది. ఇద్దరం ముసలివాళ్లం, ఒక ఇంట్లో కలిసి ఉందాం, మంచి ఊరేదో నువ్వే ఎంచు అని. మూడు ఊళ్లు చెప్పింది. ఒకటి సముద్రం పక్కన, ఒకటి గుట్ట మీద, ఒకటి పట్నం అంచున.

ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా నా షాపుకొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేది. తెర మీద స్నేహితురాలు, ఒళ్లో పాత డైరీ. అందులో తను అడగాల్సినవి రాసుకొచ్చేది. దవాఖాన ఎంత దూరం? ఇంటికి మెట్లున్నాయా? స్నానాల గదిలో పట్టుకునేందుకు కడ్డీ ఉందా? పొద్దుగూకినంక ఆడమనిషి ఒక్కతి నడవొచ్చా? ఒకసారి పేజీ కింద ఇంకోటి రాసి ఉండటం చూశాను: నేను మాట్లాడితే నవ్వుతరా? అది మాత్రం ఆమె పైకి అడగలేదు.

చివరికి సముద్రం పక్క ఊరు ఖాయమైంది. నేల చదునుగా ఉంటుంది, గాలి బాగుంటుంది, దవాఖాన రెండు వీధుల అవతల. ఆమె ఎంత సంబరపడిందో నేను చూశాను. 'నాకు అక్కడ ఏమొద్దు, ఇక్కడే బాగుంది' అనే రకం కాదు ఆమె. వెళ్లాలనుకుంది. మనసారా వెళ్లాలనుకుంది. ఈ సంగతి ఆ చిన్నాయన కొడుకు చెవిలో అరిచి చెప్పాలనిపిస్తుంది నాకు.

అవి ఉద్యమం ఊపు మీదున్న రోజులు. జనగామలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, బస్సులు మైళ్ల కొద్దీ ఆగిపోయేవి. సిస్టరమ్మ కాచిన నీళ్ల బకెట్టు, సబ్బు పట్టుకొని వరుస మొదట్లో కుర్చీ వేసుకునేది. చెయ్యి కడగనిదే ఎవరికీ విస్తరి లేదు. ఒక పెద్ద నాయకుడు నవ్వుతూ తప్పించుకోబోతే చెయ్యి పట్టి ఆపింది. "ఉద్యమం చేసుకుంట విరేచనాలు పెట్టుకుంటే ఎట్ల నాయినా? ముందు కడుగు." ఆయన బుద్ధిగా కడిగాడు.

ఊళ్లో ఏ బోర్డు చూసినా ఆంధ్రప్రదేశ్ అన్న మాట మీద నల్లరంగు కొట్టి తెలంగాణ అని రాసుకుంటున్నారు. నేనూ స్టూలెక్కి నా షాపు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాశాను. నాలుగు రోజులు దాన్ని చూసుకొని మురిశాను. ఆ వారంలోనే సిస్టరమ్మ పాస్‌పోర్టు దరఖాస్తు నింపే పని నా మీద పడింది. రాష్ట్రం అన్న గడి దగ్గర నా చెయ్యి క్షణమైనా ఆగలేదు. ఆంధ్రప్రదేశ్ అని రాసి సంతకానికి ఇచ్చాను.

ఆమె అద్దాలు పెట్టుకొని మొత్తం చదివింది. తర్వాత బయటికి నడిచి, తలెత్తి నా బోర్డు చూసి, లోపలికొచ్చింది.

"బయట తెలిసేటట్టు ఒకటి, లోపల కాయితం మీద ఒకటా కొడుకా?"

"అది ఉద్యమం సిస్టరమ్మా, ఇది దరఖాస్తు. వేరే రాస్తే తీసుకోరు."

"తీసుకోకపోతే వాపస్ పంపిస్తరు. పంపనియ్యి."

కొట్టేసి, పైన తన చేత్తో తెలంగాణ అని రాసింది. హైదరాబాద్ ఏజెంటు దాన్ని ఎర్ర సిరాతో సున్నా చుట్టి వెనక్కి పంపాడు. కొత్త ఫారం మీద మళ్లీ అదే రాసింది, మళ్లీ వెనక్కొచ్చింది. మూడోసారి ఆమె, నేను హైదరాబాద్‌లో పాస్‌పోర్టు ఆఫీసుకే వెళ్లాం. ఆ ఆఫీసులో కుర్చీలో ఊగుతున్న ఒకడు ఆమె నోరు తెరవగానే పక్కవాడికి సైగ చేశాడు. "ఏందీ? ఎట్లెట్లా?" అని సాగదీశాడు. సినిమాల్లో మమ్మల్ని వెక్కిరించే పద్ధతి చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అయినా అరవైకి దగ్గరపడుతున్న మనిషి మొహం మీద! "ఆ రాష్ట్రం ఎక్కడుందమ్మా మ్యాపులో? పుట్టాక రండి" అని పకపకా నవ్వాడు.

సిస్టరమ్మ గొంతు పెంచలేదు. "నవ్వు నాయినా, నవ్వు. నేను ఎన్ని పురుళ్లు పోసిన్నో నాకే యాదికి లేదు. ఏడో నెల కాన్నుంచే కడుపులున్న బిడ్డను పేరు పెట్టి పిలుసుకునే తల్లుల్ని చూసిన. ఇంకా పుట్టలే గదా, పేరెందుకని ఎవ్వలూ నవ్వలే."

వాడు నవ్వు ఆపాడు. ఫారం మాత్రం తీసుకోలేదు.

తిరుగు బస్సులో నేను ఆగలేకపోయాను. "ఎవ్వడు చూస్తడు సిస్టరమ్మా? రాసి పడేసి పో. ఆడ మంచిగ బతుకు."

"నిమ్మలంగ ఉందామనే గదరా నేను పోయేది? నీ ఇల్లు ఏడున్నదంటే మనసుల ఒకటి అనుకొని, కాయితం మీద ఇంకోటి రాయాలె. గసొంటి పోవుడుల నిమ్మలం ఏడున్నది?"

స్నేహితురాలు కూడా తెర మీద బతిమాలింది. "ఒక్క ముక్క రాసేస్తే నీకేం పోతుందే?" అంది. "నీకేం పోదు, నాకు పోతది" అంది ఈమె. ఆవిడ కళ్లు తుడుచుకొని, "హాస్టల్లోనూ ఇంతే నువ్వు. సరే, గది ఉంచుతాలే" అంది. మాట ప్రకారం రెండేళ్లకు పైగా ఉంచింది. తర్వాత జారిపడి తుంటి విరిగితే, అన్న కూతురు వచ్చి ఆ ఇల్లు అమ్మించి తనతో తీసుకుపోయింది.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. సిస్టరమ్మ ఒక్కో మెట్టే దిగి వచ్చి, షాపు ముందు నిలబడి, దారిన పోయేవాళ్లందరి చేతుల్లో చక్కెర పోసింది. "ఇప్పుడు నింపుదామా ఫారం?" అన్నాను నేను, సంతోషంలో ఒళ్లు తెలియక. "ఏ ఇంటికి పోనురా?" అంది.

మొండితనమట! బోర్డుల మీద రంగులు పూసి, లోపల పాతపేరే రాసుకొని పనులు చక్కబెట్టుకున్న మేమంతా తెలివైనవాళ్లం. రాసిందీ, అనుకున్నదీ ఒకటే అయిన మనిషి మొండిది.

పోయిన నెల ఆ పొద్దున ఊపిరాడటం లేదంటే ఆటోలో తీసుకెళ్లాను. ఏ దవాఖానో రాయను. చక్రాల కుర్చీ లేదు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. డాక్టరు రౌండుకు పోయాడన్నారు, కాసేపటికి మీటింగన్నారు. ఆమె తన నాడి తనే పట్టుకొని చూసుకుంటోంది. పక్కన నిండు చూలాలొకామె నిలబడి ఉంటే, జరిగి చోటిచ్చింది. నాకు దుఃఖం, కోపం ఒకేసారి తన్నుకొచ్చాయి.

"చూసినవా? దీనికోసమేనా గంత పట్టు పట్టినవు? ఆ ఊళ్ల అయితే ఇప్పటికి పది మంది డాక్టర్లు చుట్టూ ఉందురు!"

ఆమె ఊపిరి కూడదీసుకుంది. "ఆడ మంచిగ చూస్తే దండం పెట్టాలె, చూడకపోతే ఊకోవాలె. సుట్టపుచూపుకు పోయినోళ్లు ఏమడుగుతరు? గిది మనది. నోరున్నది గదా నీకు? ఈడ కూసొని నన్నెందుకు తిడుతున్నవు? పోయి వాళ్లను అడుగు."

వెళ్లాను. జీవితంలో ఎన్నడూ అరవనంతగా అరిచాను. గది గదికీ తలుపులు కొట్టాను. ఎక్కడి నుంచో ఒక కుర్ర డాక్టరు స్టెతస్కోపు సర్దుకుంటూ పరుగెత్తి వచ్చాడు. ఇద్దరం వరండాలోకి మళ్లాం.

సిస్టరమ్మ తల ఆ చూలాలి భుజం మీద వాలి ఉంది. చూలాలు తన దవాఖాన చీటీతో ఈగలు తోలుతూ, మా బూట్ల చప్పుడుకు తలెత్తి వేలు పెదాల మీద పెట్టింది.

"జర మెల్లగ రాండ్రి అన్నా. అవ్వకు ఇప్పుడే కన్నంటుకున్నది."