చీకట్లో మాట్లాడే నియమం

పదవీ విరమణ తర్వాత నేను చేరిన ఫిల్మ్ సొసైటీలో ఒక నియమం ఉంది. సినిమా అయిపోయాక లైట్లు వేయం. చర్చంతా చీకట్లోనే. మాట్లాడేవాళ్లు పేరు చెప్పనక్కర్లేదు, లేచి నిలబడనక్కర్లేదు. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా మేం సినిమాలు చూపించేది ఎక్కువగా ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు. పక్క కుర్చీలోనే వాళ్ల సూపర్‌వైజర్ ఉండవచ్చు. వెలుతురులో అడిగితే "మంచిగుంది సార్" అని ఊరుకునేవారు. చీకట్లో అయితే ఇంట్లో తాగుడు గురించి, పనిలో పడే మాటల గురించి నెమ్మదిగా బయటికి వచ్చేది. ఈ పద్ధతి పెట్టింది మా కార్యదర్శి, పోతిరెడ్డిపల్లిలో ఉండే రిటైరైన టీచరమ్మ.

సినిమాలు తెప్పించడం నా పని. హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థ ఎక్కడెక్కడో తీసిన చిన్న సినిమాలను మాలాంటి సొసైటీలకు ఉచితంగా పంపుతుంది. తెర కట్టించడం, కుర్చీలు వేయించడం, ఇంటికొచ్చాక జనం ఏమన్నారో డైరీలో రాయడం కూడా నాదే. ఎవరన్నారో రాయకూడదు. గొంతు గుర్తుపట్టినా రాయలేదు.

ఆ ఆదివారం ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ హాల్లో వేశాం. ఫ్యాక్టరీవాళ్లు ఆ హాలు మాకు ఊరికే ఇచ్చేవారు. సినిమాలో ఒక బట్టల కార్ఖానాకు నిప్పంటుకుంటుంది. లోపలివాళ్లు వెనక తలుపు దగ్గరికి పరుగెత్తుతారు. దానికి తాళం. మంటలు కనిపించేది కొద్దిసేపే, మిగతాదంతా బయట నిలబడి ఎదురుచూసే ఇళ్లవాళ్ల ముఖాలే.

సినిమా అయ్యాక ఎప్పటిలాగే లైట్లు వేయలేదు. తర్వాత ఆడవాళ్ల వరుసల్లోంచి ఒక గొంతు వచ్చింది.

"మా ప్యాకింగ్ సెక్షన్ల ఎనుక తలుపుకు గూడ తాళమే సారూ. తాళంచెవి సూపర్‌వైజర్ సార్ జేబుల ఉంటది. ఆయన ఛాయ్‌కు పోతే మేం లోపల్నే."

"ఛాయ్‌కేనా, గుట్కకు గూడ పోతడు," అంది ఇంకో గొంతు. నవ్వులు వినిపించాయి.

అప్పుడు ముందు వరుసలో సెల్‌ఫోన్ లైటు వెలిగింది. సూపర్‌వైజర్ వెనక్కి తిరిగి ఆ వెలుగును ఒక్కొక్క ముఖం మీదుగా నడిపించి, మొదట మాట్లాడినామె మీద ఆపాడు. భానూర్ నుంచి వచ్చే ముప్పై ఏళ్ల మనిషి. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు.

"మాల్ దొంగతనం పోతదని తాళమేస్తరట. మాల్ కన్న మేం అగ్గువనా?"

మర్నాడు లేబర్ కాంట్రాక్టర్ ఆమెను ఇక పనికి రావద్దన్నాడు.

సొసైటీ సభ్యులం కూర్చున్నాం. మన పని సినిమా చూపించడం, లేబర్ గొడవలు మనకెందుకు అని ఒకరు అన్నారు. చీకట్లో ఏం కాదని నమ్మించింది మనమే కదా అని టీచరమ్మ అంది. ఆమెను మళ్లీ పనిలోకి తీసుకోమని అడగడానికి టీచరమ్మ, నేను కలిసి ఫ్యాక్టరీ మేనేజర్ దగ్గరికి వెళ్లాం. ఆయన మర్యాదగా టీ ఇప్పించాడు. వచ్చే సినిమా రోజున మేం మైకులో ఒక్క మాట చెప్పాలట, ఆవేళ తలుపు గురించి వచ్చిన మాట పొరపాటని. అలా చెబితే ఆమెను మళ్లీ పనిలోకి తీసుకుంటారు, హాలు కూడా ఎప్పటిలాగే మాదే.

ఆమెను అడగకుండా మేం అవుననడం గానీ కాదనడం గానీ సరికాదనిపించి భానూర్ వెళ్లాం. విషయం చెప్పగానే ఆమె భర్త ఒప్పేసుకోమనే మాట్లాడాడు. చెప్పేది ఒక్క మాటే కదా, దాంతో ఎవరికి ఏం పోతుంది, పని ఊరికే దొరుకుతుందా అన్నాడు. ఆమె మాకు మంచినీళ్లు ఇచ్చి గడప మీద కూర్చుంది. ఆమె జవాబు మాత్రం భర్తకే చెప్పింది.

"మైకుల లేదని చెప్పినంక ఆ తలుపు ఇగ ఎన్నడన్న తెరుస్తరా? నేనంటె బయట వడ్డ. నీ చెల్లె ఆ సెక్షన్లనే ఉన్నది గదా."

అతను తల దించుకున్నాడు. "ఒద్దు సారూ, చెప్పకుండ్రి," అన్నాడు.

అలా చెప్పలేమని మేనేజర్‌తో అన్నాం. హాలు పోయింది. పెద్ద సంస్థను అడిగి అదే సినిమాను మళ్లీ తెప్పించి, భానూర్‌లో ఒక ఇంటి గోడకు తెర కట్టి వేశాం. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్లు అత్తలను, మొగుళ్లను వెంటబెట్టుకొచ్చారు. చీకటి ముఖాన్ని దాస్తుంది గానీ గొంతును దాచదని టీచరమ్మ ముందే హెచ్చరించింది. ఆ సాయంత్రం సినిమా అయ్యాక ఎక్కువ మాట్లాడింది అత్తలు. తమ కోడళ్లు ఎలాంటి చోట కూర్చుని పనిచేస్తున్నారో అప్పటిదాకా వాళ్లకు తెలియదు.

తర్వాతి వారం ఒక ఉదయం ఆ సెక్షన్ వాళ్లంతా షిఫ్టుకు వచ్చి గేటు దగ్గరే ఆగిపోయారు. అరుపుల్లేవు. తాళం తీస్తేనే లోపలికి వస్తామన్నారు. పంపాల్సిన సరుకు కోసం లారీ లోపల నిలబడి ఉంది. మధ్యాహ్నానికల్లా తాళం తీశారు.

భానూర్ ఆమెను మాత్రం మళ్లీ పనిలోకి తీసుకోలేదు. మేం మళ్లీ వెళ్లి అడిగాం, ఖాళీ లేదన్నారు. ఇప్పటికీ అదే జవాబు. ఆమె ముత్తంగిలో ఒక గోడౌన్‌లో పెట్టెలకు లేబుళ్లు అతికించే పనికి వెళ్తోంది. అంతకుముందు పని ఊరి పక్కనే, ఇప్పుడు రెండు బండ్లు మారాలి.

ఈ మధ్య పటాన్‌చెరులో ఆటో కోసం నిలబడి కనిపించింది. పని ఎలా ఉందని అడిగాను. నిలబడి చేసేది, కాళ్లు గుంజుతున్నాయి అంది. ఆటో వచ్చాక ఒక కాలు లోపల పెట్టి, నా వైపు తిరిగింది.

"మా ఆడిబిడ్డ రోజు ఇంటికొచ్చి జెప్తది సారూ, తలుపు తెరిచే ఉన్నదని. నేను అడుగకున్నా జెప్తది."

లోపలివాళ్లు జరిగి చోటిచ్చారు. ఆటో ముత్తంగి వైపు వెళ్లిపోయింది.