ఎర్నో ఎడమ పక్క

ఎర్నో హౌటమాకి ఏదో దాస్తున్నాడని మొదట పసిగట్టింది నేనే. జట్టు సామాన్లు చూసేదీ, స్కేట్ల కింది ఇనప అంచులకు పదును పెట్టేదీ నేనే కదా. మోకాలు వాచినా నవ్వుతూ తిరిగే మనుషుల మధ్య ఇన్నేళ్ళు బతికాక ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు.

ఎర్నో మా ఊరివాడే. సరస్సు గడ్డకట్టాక వాళ్ళ నాన్న మంచు ఊడ్చి ఇచ్చిన జాగాలో ఐస్ హాకీ నేర్చాడు. మా దేశం దక్షిణాదిన రెండు జట్లకూ, స్వీడన్‌లో ఒకదానికీ డిఫెండరుగా ఆడాడు. ముందుపళ్ళు పోగొట్టుకుని, ఒక్క ఫైనలైనా ఆడకుండానే, ముప్ఫై అయిదో ఏట సొంత జట్టుకు తిరిగొచ్చాడు. ఆ ఏడాది అతని వాలకం నాకు నచ్చలేదు. బస్సులో ఎడమ కిటికీ సీటు ఎవరికీ ఇవ్వడు. డ్రెస్సింగ్ రూములో ఎడమ మూల కోసం పోట్లాట. ఎడమవైపు నుంచి కాఫీ అందిస్తే పట్టించుకోడు.

"ఒట్టి పొగరు," అన్నాను మా గోల్‌కీపరు ఒస్సితో.

"పొగరు కాదు, అమ్ముడుపోయాడు," అన్నాడు ఒస్సి. "వచ్చే ఏడు సరస్సు అవతలి జట్టుకు ఆడతాడట. వాళ్ళతో ఆడినప్పుడల్లా ఎడమ నుంచి వచ్చేవాణ్ణి ఎలా వదిలేస్తున్నాడో చూడలేదా?"

చూశాను. అనుమానం నాకూ పట్టుకుంది.

మా ఆటలో ఒక పద్ధతుంది. పక్, అదే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, గోలు వెనక్కి పోతే డిఫెండరు అందరికీ వీపు పెట్టి దాని వెంట దూసుకుపోతాడు. తరుముకొచ్చేవాడు ఎటున్నాడో చూసి గోల్‌కీపరు అరవాలి. "ఎడమ!" "కుడి!" "ఖాళీ!" పడనివాడి కోసమైనా సరే, అరిచి తీరాలి.

సెమీఫైనల్ అవతలి జట్టుతోనే పడింది. రెండో భాగానికి ముందు ఒస్సి నా చెవిలో అన్నాడు. "ఈసారి ఒక్కసారి అరవను. జాగ్రత్తపడ్డాడా, మనవాడు. పక్ వాళ్ళకు వదిలాడా, దొంగ."

"వద్దురా, ఒళ్ళు హూనమవుతుంది," అన్నాను. వింటేగా!

పక్ గోలు వెనక్కి పోయింది. ఎర్నో వెళ్ళాడు. ఒస్సి నోరు మూసుకున్నాడు. ఎర్నో ఎడమ భుజం మీదుగా కాస్త తల తిప్పాడు. కళ్ళున్నవాడికి ఆ మాత్రం చాలు. అటునుంచి దున్నలాంటి మనిషి వస్తుంటే, ఎవరూ లేనట్టు అటే తిరిగాడు. వాడు గుద్దిన గుద్దుకు చుట్టూ ఉన్న చెక్కగోడ అదిరిపోయింది.

విజిల్ పడగానే నేను తువ్వాలు పట్టుకుని పరిగెత్తాను. ఒస్సి అప్పటికే అక్కడ వంగి ఉన్నాడు.

"బతికున్నావా ముసలోడా?"

"అరవలేదేం?"

"నువ్వే చూశావుగా!"

"ఏ కంటితో చూడను? అక్టోబరులో పక్ తగిలాక ఎడమది పోయింది. అప్పట్నించీ నీ గొంతు పట్టుకునే ఆడుతున్నా."

డాక్టరు కంటిపరీక్ష చేసినప్పుడు ఎర్నో చేతులు మార్చాడట గానీ, రెండుసార్లూ ఎడమ కన్నే మూశాడట.

మిగతా ఆటంతా ఒస్సి అరుస్తూనే ఉన్నాడు. ఒక్క గోలు తేడాతో గెలిచాం. సౌనాలో, అదే మా ఆవిరి స్నానాల గదిలో, అందరూ పాడుతుంటే వాళ్ళిద్దరూ పై బల్ల మీద కూర్చున్నారు. నా చెవి అటే ఉంది.

"ఇంకొక్క ఆట, ఒస్సీ. నా మొదటి ఫైనల్. ఎవరికీ చెప్పకు."

"చెప్పను. ఆడుకో," అన్నాడు ఒస్సి. గొంతు పూర్తిగా పోయింది, గాలి మాత్రమే వస్తోంది. "నేను మాత్రం అరవను."

"ఇంకా అనుమానమేనా నా మీద?"

"లేదు. రెండో కన్నన్నా మిగలాలి నీకు."

"బెదిరిస్తున్నావా?"

"అవును."

ఎర్నో పొయ్యి రాళ్ళ మీద నీళ్ళు విసిరాడు. ఆవిరిలో ఇద్దరి మొహాలూ కనబడలేదు. నాకు ఒస్సి మీద ఒళ్ళు మండింది. ఎర్నో మీద జాలేసింది.

ఒస్సి నిజంగా నోరు మూసుకుని ఉండగలిగేవాడా? నాకు ఈనాటికీ నమ్మకం లేదు. ఎర్నో మాత్రం నమ్మాడు. మర్నాడు పొద్దున నేను అతని స్కేటు చేతిలోకి తీసుకుని యంత్రం తిప్పబోతుంటే వచ్చి నా కుడి పక్కన నిలబడ్డాడు, మొదటిసారి నన్ను తన ఎడమ పక్కన ఉండనిచ్చి.

"ఇక వాటికి పదును పెట్టకు," అన్నాడు.